ఆయీ మరిగలా

కొవ్వూరు దగ్గర మా బడిలో నేను రెండో తరగతి చెబుతాను. ఇటుకబట్టీ పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ళ పిల్ల మినతి ఈమధ్యే చేరింది. తెలుగు రాదు. ఈ రోజు మధ్యాహ్నం అన్నం ముట్టకుండా, నా కొంగు పట్టుకుని "ఆయీ మరిగలా" అంది. సాంబారు మరిగిపోతోందంటోంది కాబోలనుకున్నాను. "చల్లారాక తిందువుగానిలే అమ్మా" అని ఊది ఇచ్చాను. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రం వాళ్ళ నాన్న వస్తే ఆ మాటకు అర్థం అడిగాను. ఆయనకు కాస్త తెలుగు వచ్చు.

"అమ్మమ్మ చచ్చిపోయింది అని, మేడమ్. దీన్ని పెంచింది ఆవిడే. రాత్రి ఫోన్ వచ్చింది. ఊరెళ్ళడం కుదర్లేదండి."

ఇంతమందిలో ఆ పిల్ల నాకే చెప్పుకుంది. ఒడియా వచ్చినవాళ్ళెవరైనా ఉంటే, రేపు పొద్దున తనతో ఏమనాలో తెలుగు అక్షరాల్లో రాసి పెట్టండి.