కళ్లద్దాలు తుడిచే గుడ్డ

కరోనా వచ్చిన రెండో ఏడు. కళ్లకు లేజర్ ఆపరేషన్ కోసం దుబాయ్‌కి బయలుదేరి, విమానం ఎక్కడానికి ముంబై వెళ్లే రైలు కోసం సూరత్ స్టేషన్లో కూర్చున్నాను. మాస్కు వల్ల కళ్లద్దాలకు ఊరికే ఆవిరి పడుతోంది. ఈ కళ్లద్దాల పీడ ఇంకో వారంలో వదిలిపోతుందని ఫోన్లో మా ఆవిడతో విసుక్కున్నాను.

"మనోళ్లేనా బిడ్డా?" అంది, నా తెలుగు విని, పక్క బెంచీ మీదున్న పెద్దావిడ. ఆమె భర్త ఈ ఊళ్లోనే, లింబాయత్ పేటలో మరమగ్గాల మీద పనిచేసేవాడట. ఆమె ఒళ్లో, ప్లాస్టిక్ సంచిలో, మగవాళ్ల కళ్లద్దాలున్నాయి. బాగా మసకబారి ఉన్నాయి. నా మెత్తటి గుడ్డ తీసి, "ఇటివ్వండమ్మా, తుడిచిస్తాను" అన్నాను.

ఆమె సంచిని గుండెకు అదుముకుంది.

"వద్దు బిడ్డా. దవఖానల మా ఆయన పోయినంక మొకం గూడ జూడనియ్యలే. గివే చేతుల వెట్టిన్రు. అద్దం మీద ఆయన ఏలు ముద్ర ఉన్నది. జర ఎండకు వెడితే కనవడ్తది."

గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికొచ్చాక, ఇక పనిలేని నా కళ్లద్దాలను మా ఆవిడ తుడిచి దాచబోయింది. తుడవకుండా అలాగే దాచమన్నాను.