కుచ్చిళ్ల చాటున పంపు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ చీరల షాపుకు పోయేవాళ్లందరికీ మహిపాల్ తెలుసు. ప్యాంటు, చొక్కా మీదనే చీర కట్టుకుని, కుచ్చిళ్లు పెట్టి, పైట వేసి చూపిస్తాడు. పట్టు భుజం మీదికి జారగానే, అద్దంలో తను కాక ఇంకెవరో నెమ్మదిగా నడిచొస్తున్నట్టుంటుంది అతనికి. ఆకుపచ్చ కడితే తడిసిన పొలం గట్టు మీద ఉన్నట్టు, నారింజ కడితే పొద్దుగూకే వేళ డాబా మీద నిలబడ్డట్టు.

షుగరు ఈ పనికన్నా పాతది. నల్లగొండ పక్క ఊళ్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు వచ్చింది. అప్పట్నుంచీ సూదులే. కిందటేడు షాపులోనే షుగరు పడిపోయి, చేతిలోని చీర రంగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతుండగా కూలబడ్డాడు. డాక్టరు ఇన్సులిన్ పంపు పెట్టించాడు. నడుముకు చిన్న పెట్టె, అందులోంచి సన్నని గొట్టం, దాని కొస పొట్ట చర్మం కింద. మందు కొంచెం కొంచెంగా దానంతటదే లోపలికి పోతుంటుంది. తినేముందు మాత్రం మీట నొక్కాలి.

మొదట్లో నిద్ర సగం, మెలకువ సగం. ఊడిపోతుందేమోనని వెల్లకిలా కదలకుండా పడుకునేవాడు.

"గట్ల కట్టె లెక్క పండుకుంటే ఎట్ల?" అంది భార్య జ్యోతిక.

"నన్నెవరో దారం కట్టి పట్టుకున్నట్టుంది," అన్నాడు.

షాపులో చీర కట్టడం మానేశాడు. మడతలు పెట్టే పని అడిగి తీసుకున్నాడు. అద్దం వైపు చూసేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం విజయదుర్గ అనే ఆవిడ కూతురి పెళ్లి చీరలకు వచ్చింది. ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు. "నువ్వు కట్టి చూపిస్తేగానీ నాకు అంచు తెలీదు బాబూ," అంది.

కాదనలేక లేచాడు. తామరరంగు పట్టు. చేతులు వాటంతటవే కదిలాయి. కుచ్చిళ్లు దోపి కొంగు లాగేసరికి పొట్ట దగ్గర చురుక్కుమంది. చీరతో పాటు గొట్టమూ వచ్చేసింది.

"ఏంటది?" అందావిడ.

"ఇన్సులిన్ పంపు అమ్మా. ఊడొచ్చింది. జర ఆగండి, కొత్తది పెట్టుకొని ఒస్త."

"తొందరేం లేదులే. చీర ఎక్కడికీ పోదుగా."

ట్రయల్ రూములో తలుపేసుకుని, సంచిలోంచి కొత్త గొట్టం తీసి పొట్టకు రెండో వైపు పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ భయపడింది దీనికేనా అనిపించింది. పెట్టెను చొక్కా జేబులో వేసి, గొట్టాన్ని చొక్కా లోపలి నుంచి పైకి పోనిచ్చి, బయటికొచ్చి అదే చీర మళ్లీ కట్టాడు. అద్దంలోంచి తామరరంగు మనిషొకరు అతని వైపు నడిచొచ్చారు. విజయదుర్గ ఆ చీరే తీసుకుంది.

ఆ వారమే జ్యోతిక పంపు పెట్టె పట్టేలా అతని బనియన్లకు లోపలివైపు జేబులు కుట్టింది.

ఇప్పుడు సాయంత్రం పని దిగి మెట్రోలో ఎల్బీనగర్ పోతాడు. రైలు మేడల పక్కగా తేలిపోతుంటే కింద బోర్డుల లైట్లు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి. స్టేషన్ కింద జ్యోతిక నిలబడి ఉంటుంది. ఇద్దరూ బండి దగ్గర పునుగులు తీసుకుంటారు.

"మీట నొక్కినవా?" అంటుందామె.

"నొక్కిన," అంటాడు, పెట్టె కోసం అప్పుడే చొక్కా గుండీ విప్పుతూ.