ఏడో మలుపులో గడ్డికట్టలు

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆమె ఏడో మలుపులో కరెంటు స్తంభానికి ఆనించిన గడ్డికట్టను మోకాలితో గట్టిగా పొడిచింది. మెత్తగా లోపలికి పోవాల్సిన మోకాలు గోడకు తగిలినట్టు ఆగిపోయింది. కట్ట చుట్టూ కూల్‌డ్రింకు ప్రకటన అచ్చేసిన ప్లాస్టిక్ పట్టా ఉంది. పైన ఎండకు పొడిగా మెరుస్తోంది. ఆమె కత్తి తీసి పట్టాను కింది అంచున కోసింది. నీళ్లు ధార కట్టాయి.

ముందురోజు రాత్రి వాన పడింది. రోడ్డు మీద పారిన నీటిని గడ్డి కిందనుంచి పీల్చుకుంది. ప్రకటన ముడతలు పడకూడదని బిగించి కట్టిన పట్టా ఆ తడిని ఆరనివ్వలేదు.

ఏటా ఒక ఆదివారం ఆ ఊరి రోడ్ల మీదే బైకు పందెం జరుగుతుంది. పదకొండు కిలోమీటర్ల దారి, పద్నాలుగు మలుపులు. ఇళ్ల గోడలు, స్తంభాలు, కల్వర్టులు అన్నీ చేతికందేంత దూరంలో ఉంటాయి. ఏడో మలుపులోకి బైకులు గంటకు నూట నలభై కిలోమీటర్ల వేగంతో వస్తాయి. జారిపడిన మనిషికీ స్తంభానికీ మధ్య ఉండేది ఆ గడ్డే. పొడికట్ట పద్దెనిమిది కేజీలుంటుంది. తగిలితే నలుగుతుంది, వెనక్కి జరుగుతుంది. తడిసింది కదలదు.

ఈ సంగతి ఆమెకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. పందొమ్మిదేళ్ల క్రితం ఆమె భర్త ఇదే మలుపులో తడిసిన కట్టను గుద్దుకున్నాడు. కుడికాలు అంగుళమున్నర పొట్టిదయింది. ఇప్పుడు టైర్ల కొట్టు నడుపుతున్నాడు. ఆమె వారంలో ఆరు రోజులు స్కూలు బస్సు తోలుతుంది. ఆసుపత్రినుంచి వచ్చాక పందెం పేరెత్తితే ఆమె చీపురు తిరగేస్తుందని చుట్టాలంతా అనుకున్నారు. మరుసటి ఏడు ఆమె పందెం నడిపేవాళ్ల దగ్గరికి వెళ్లి ఏడో మలుపు బాధ్యత తనకిమ్మని అడిగింది. "వాళ్లు ఎలాగూ మానరు. నేను చూసుకుంటే కనీసం నాకు నిద్ర పడుతుంది" అంది. రేసర్లంతా ఆమెను 'ఏడో పిన్ని' అంటారు.

బయలుదేరే జెండా ఊపాలంటే పద్నాలుగు మలుపులవాళ్లూ వాకీటాకీలో 'రెడీ' అనాలి. రెండుంబావుకి పదమూడు గొంతులు వినిపించాయి.

"ఏడో మలుపు పలకదేంటి? వదినా, కునుకు తీస్తున్నావా?" అన్నాడు పందెం కార్యదర్శి. ఆయన ఆమెకు స్వయానా మరిది, మందుల షాపు యజమాని.

"మెలకువగానే ఉన్నాను. రెడీ అనను. ఇక్కడ ముప్పై నాలుగు కట్టలు తడిసి బండరాళ్లయ్యాయి."

అయిదు నిమిషాల్లో స్కూటరు మీద వచ్చి వాలాడు. ఆయన కంగారు ఉత్తినే కాదు. పోయినేడు పదో మలుపు కల్వర్టు దగ్గర ఇరవై ఆరేళ్ల రేసర్ చనిపోయాడు. రోడ్ల మీద పందెమే వద్దని మున్సిపల్ సభ్యుల్లో అయిదుగురు చేతులెత్తారు, ఒక్క ఏడాది చూద్దామని ఆరుగురు ఎత్తారు. నాలుగింటికల్లా రోడ్డు మామూలు రాకపోకలకు తెరవకపోతే ఇక ఎప్పటికీ అనుమతి ఉండదని షరతు పెట్టారు.

"వదినా, నీ కాళ్లు పట్టుకుంటాను. పదమూడు మంది రెడీ అన్నారు. వాన నీ ఒక్కదాని మీదే కురిసిందా?"

"వాళ్ల సంగతి నాకు తెలీదు. ఇదిగో, దీన్ని ఒక్క తన్ను తన్ను."

"ఏంటి?"

"గడ్డే కదా. తన్ను."

తన్నాడు. పాలిష్ చేసిన బూటు పట్టుకుని ఒంటికాలి మీద గెంతాడు. మలుపులో పనిచేస్తున్నవాళ్లు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు.

"నువ్వు నిలబడి తన్నావు. వాళ్లు నూట నలభైతో వస్తారు" అందామె.

"సరే, తడిసింది. ఇప్పటికిప్పుడు పొడిగడ్డి ఎక్కణ్ణుంచి తెమ్మంటావు? ఆకాశంలోంచి ఊడిపడుతుందా?"

"మీ అతిథులు దేనిమీద కూర్చున్నారు?"

బయలుదేరే చోట వేసిన శామియానా కింద, చూడ్డానికి బాగుంటుందని గడ్డికట్టల మీద తెల్లగుడ్డ పరిచి నలభై ఆసనాలు వేశారు. వాటిమీద ఆ పదకొండు మంది సభ్యులూ, వాళ్ల కుటుంబాలూ ఉన్నారు.

"వద్దు వదినా. మన తలరాత వాళ్ల చేతుల్లో ఉంది. వాళ్లనే లేపుతావా?"

"నేను లేపుతాలే. నువ్వు ఏమీ తెలియనట్టు పక్కకి తిరిగి నిలబడు. నీకు అలవాటేగా."

భర్త టైర్లు మోసే ట్రాలీ ఆటో తెచ్చాడు. "ఎక్కవే మహాతల్లీ, మీటరు వెయ్యనులే" అన్నాడు.

శామియానాలో ఆమె నేరుగా మున్సిపల్ ఛైర్మన్ ముందుకు వెళ్లింది. "సార్, కాస్త లేవాలి."

"ఎందుకమ్మా, ఎవరైనా పెద్దవాళ్లు వస్తున్నారా?"

"ఎవరూ రావట్లేదండీ. మీరు కూర్చున్నది నాకు కావాలి." ఎందుకన్నది రెండు ముక్కల్లో చెప్పింది.

"పిలిచి మరీ నిలబెడతారా మమ్మల్ని?" అన్నాడు వెనకనుంచి ఒక సభ్యుడు.

"గంటసేపు నిలబడితే కాళ్లు లాగుతాయండీ, అంతే. అక్కడ కాళ్లు విరుగుతాయి."

ముందుగా లేచింది పోయినేడు పందెం వద్దని చెయ్యెత్తిన పళ్ల డాక్టరమ్మ. తెల్లగుడ్డ లాగేసి, తను కూర్చున్న కట్టను తాడు పట్టుకుని తనే ట్రాలీ దాకా ఈడ్చుకెళ్లింది. ఆ తర్వాత కూర్చుని ఉండటం ఎవరికీ బాగుండలేదు.

రెండు విడతల్లో ముప్పై నాలుగు కట్టలూ చేరాయి. మూడు గంటలకు ఆమె 'రెడీ' అంది. నాలుగు దాటకుండా పన్నెండు చుట్లను ఎనిమిదికి కుదించారు. అయిదో చుట్టులో బ్యాంకు గుమాస్తాగా పనిచేసే రేసర్ ఒకడు ఏడో మలుపులో జారాడు. బైకు ఒకవైపు, మనిషి ఒకవైపు. కట్టల వరస మూడడుగులు వెనక్కి జరిగి ఆగింది. ఆమె వెనక వచ్చేవాళ్లను హెచ్చరించే పసుపు జెండా ఊపుతూనే సెకన్లు లెక్కపెట్టింది. పదకొండుకి అతను లేచి కూర్చున్నాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. అంబులెన్సు దాకా నడిచే వెళ్లాడు.

మూడూ యాభై ఎనిమిదికి రోడ్డు తెరిచారు. మరిది మొహం వెలిగిపోయింది. "గట్టెక్కాం వదినా!"

ఆమె పాత ఇనుప సామాన్ల కొట్టునుంచి వేలాడే కాటా తెచ్చి ట్రాలీ చట్రానికి తగిలిస్తోంది.

"మళ్లీ ఇదేంటి? అయిపోయిందిగా?"

"మిగతా మలుపుల్లో కట్టలు తూస్తాను. నా మలుపు నేను చూసుకున్నాను, పదమూడింటి గురించి తెలీదని నోరు మూసుకున్నాను. తెలీక కాదు. అది తప్పే."

భర్త ఎత్తి తగిలిస్తుంటే ఆమె తూచి రాసింది. అర్ధరాత్రి దాకా నాలుగు వందల పది కట్టలు. ముప్పై కేజీలు దాటినవి నూట అరవై మూడు. అన్నింటికన్నా బరువైంది మూడో మలుపులో, నలభై ఏడు కేజీలు.

సోమవారం ఆ కాగితం మున్సిపల్ ఆఫీసులో ఇవ్వబోతుంటే మరిది గుమ్మం దగ్గర అడ్డు నిలబడ్డాడు. "నీ చేత్తో నువ్వే పందేనికి గొయ్యి తవ్వుతున్నావు. ఇది చూస్తే ఒక్క చెయ్యి లేవదు."

"పోయినేడు పోయినవాడి లెక్క వాళ్ల దగ్గర ఉంది. ఈ లెక్క కూడా ఉండనీ. రెండూ చూసి కూడా ఒప్పుకుంటేనే అది అనుమతి. తప్పుకో, బస్సు టైమవుతోంది."

మరుసటి నెల మున్సిపల్ సభలో అనుమతికి ఏడు చేతులు లేచాయి, నాలుగు లేవలేదు. పళ్ల డాక్టరమ్మది లేవనివాటిలోనే ఉంది. షరతులు పెరిగాయి. పట్టాలు కట్టకూడదు. పందెం రోజు పొద్దున ప్రతి కట్టా తూచాలి, ఇరవై రెండు కేజీలు దాటితే తీసేయాలి. స్తంభం గానీ గోడ గానీ పక్కకు జరపలేని చోట పందెమే ఉండదు. ఆ లెక్కన దారి ఎనిమిదిన్నర కిలోమీటర్లకు తగ్గింది, మలుపులు తొమ్మిదికి. ఏడో మలుపు అందులో లేదు.

ఆమె మూడో మలుపుకు దరఖాస్తు పెట్టింది.