కెప్టెన్ కొమురమ్మ

సుబేదారిలో మా ఆఫీసు కింద ఉన్న జిరాక్స్ దుకాణం ముందు నిలబడితే, యంత్రంలోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితాల వేడి, కాలిన సిరా వాసన ముక్కుకు తగులుతాయి, నా ముప్పై అయిదేళ్లు ఎక్కడికో పోతాయి. మొన్న మధ్యాహ్నం నాతో పనిచేసే స్రవంతి అలాంటి వేడి కాగితాల కట్ట ఒకటి గుండెకు హత్తుకుని వచ్చింది. వచ్చే ఆదివారం, మేం కొందరం కూడి ఆడుకునే బల్ల దగ్గర, రోదసి ఆటను మొదటిసారి తను నడపాలి. "అక్కా, నాకు జర భయమైతాంది. రూల్స్ అన్నీ నోటికి రావాల్నా? నడుమల మర్సిపోతే ఎట్ల?" అని అడిగింది. హైదరాబాద్‌లో ఒక మీటింగులో ఇదే ఆట ఆడేవాళ్లు నన్ను చూసి, మీరు తెలుగులో నడుపుతారా, అసలు పుస్తకం చదివారా అని నవ్విన రోజు గుర్తొచ్చింది. చదివాను. ఎడమ అంచు తెగిపోయిన పుస్తకం చదివాను. ఆ చదివిన తీరు చెబితే తప్ప స్రవంతికి నేనిచ్చే సలహా అర్థం కాదు.

మా బాపుకు హన్మకొండలో ఇంజినీరింగు పిల్లల హాస్టళ్లకు దగ్గర్లో జిరాక్స్ దుకాణం ఉండేది. దుకాణం మీద ఒక రేకుల గది, అందులో కాగితపు కట్టలు, బైండింగు అట్టలు, మైదా జిగురు డబ్బా, ఒక మూలన మా బాపమ్మ మంచం. నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో ఎవరో విద్యార్థి సన్నటి ఇంగ్లిషు పుస్తకం ఒకటి కాపీ తీయించుకుని పోయాడు. మొదటి కాపీ వంకరగా వచ్చింది. ప్రతి పేజీలో ఎడమవైపు రెండు మూడు మాటలు కోసుకుపోయాయి, నడుమ నల్లటి చార. బాపు దాన్ని చిత్తు కాగితాల్లో పడేశాడు. వెనకవైపు లెక్కలు చేసుకుందామని తీసుకున్న నాకు ముందువైపు అంతరిక్ష ఓడల బొమ్మలు, తేనెతుట్టెలాంటి గళ్లలో చుక్కలు పెట్టిన నక్షత్రాల పటం కనబడ్డాయి. లెక్కలు మానేశాను.

నిఘంటువు పక్కన పెట్టుకుని పది రోజులు కుస్తీ పడితే ఆట తీరు తెలిసింది. ఒకరు ఆట నడుపుతారు. ఓడ ఎక్కడుందో, కిటికీలోంచి ఏం కనబడుతోందో ఆ ఒకరు చెబుతారు. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మనిషై, ఆ మనిషి ఏం చేస్తాడో చెబుతారు. అవుతుందో కాదో తెలియని పని వచ్చినప్పుడు రెండు పాచికలు వేస్తారు, ఎనిమిదీ ఆపైన పడితే అయినట్టు. గెలుపూ ఓటమీ అని ఏమీ లేవు, ఓడ ముందుకు పోతూనే ఉంటుంది.

ఆ సెలవులకు కరీంనగర్ నుంచి మా మేనత్త కొడుకు సుధాకర్ బావ వచ్చాడు. నాకన్నా మూడేళ్లు పెద్ద, ఇంగ్లిషు మీడియం. పుస్తకం చూడగానే లాక్కున్నాడు. రేకుల కింద ఎండ కణకణమంటుంటే, కిటికీకి కట్టిన తడిపిన గోనెపట్టాలోంచి చల్లటి మట్టివాసన వస్తుంటే, బాపమ్మ చింతపండు కొట్టి గింజలు తీస్తుంటే, మేం చుట్టూ కూర్చున్నాం. నేను, బావ, మా వెనక గల్లీలో ఉండే నా తరగతిదే రజిత. మధ్యలో ముంజలు, తునికి పండ్లు, పొద్దున మిగిలిన సర్వపిండి. బావ మొదటి పేజీ నుంచి ఇంగ్లిషులో చదవడం మొదలుపెట్టాడు. గంటసేపు చదివాడు. నాకు కన్ను మూతపడింది.

"ఓడ దిగినంక ఏం కనబడ్తాంది బావా? గాడ ఎండనా, వాననా?" అని అడిగింది రజిత.

"బుక్కుల రాయలే."

నేను నిద్ర లేచి, నాకు తెలియకుండానే చెప్పడం మొదలుపెట్టాను. అంతకుముందు ఏడు మేడారం జాతరకు పోయిన తొవ్వ నా కళ్లలో ఇంకా ఉంది. ఆ తొవ్వనే ఆ గ్రహం మీద పరిచాను. పక్కమనిషి మొఖం కనబడనంత ఎర్ర దుమ్ము, ఆ దుమ్ములో బండ్ల వెనక బండ్లు, నెత్తిన బెల్లం మోసుకుపోతున్న మనుషులు, తప్పిపోయిన పిల్లల పేర్లు పిలుస్తున్న మైకు, అడవి చివర దిగి ఉన్న వంద ఓడలు. చింతపండు కొట్టే చప్పుడు ఆగిపోయింది. "గాడ తాగ నీళ్లు దొరుకుతయానే?" అని అడిగింది బాపమ్మ. ఆటలో లేని మనిషి నోటినుంచి ప్రశ్న వచ్చింది. అప్పుడే నాకు తెలిసింది, ఈ పని నాకు చేతనవుతుందని.

బావ మొఖం మాడ్చుకున్నాడు. "ఆట నడిపేది పెద్దోళ్లు. గందుల మొగోళ్లు."

"గది ఏ పేజీల ఉన్నదో చూపియ్యి."

పేజీలన్నీ తిరగేశాడు. "తెగిపోయిన అంచుల ఉండొచ్చు."

"ఆ అంచు తెచ్చినంక నువ్వు నడుపు. అప్పటిదాంక నేను నడుపుత."

బాపమ్మ పగలబడి నవ్వింది. ఇంకో అయిదు నిమిషాలకు బావ నా ముందు కూర్చుని, తన సిపాయిని తయారు చేసుకోవడానికి పాచికలు వేశాడు. ఆ ఆటలో మనిషి కథలోకి రాకముందే పటాలంలో కొన్నేళ్లు పనిచేసి రావాలి, పాచిక బాగా పడకపోతే అక్కడే చస్తాడు. బావ సిపాయి మూడుసార్లు చచ్చాడు. నేను మోసం చేస్తున్నానని మెట్ల మీద పోయి కూర్చున్నాడు, ఎండ మాడ్చితే మళ్లీ వచ్చాడు.

రజిత వాళ్ల అమ్మ కొమురమ్మ పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేది. సాయంత్రం ఇంటికి వస్తే జుట్టంతా తెల్లటి దూది. రజిత తన కెప్టెన్‌కు అమ్మ పేరే పెట్టింది. బావ కిసుక్కున నవ్వాడు. "కొమురమ్మ రాకెట్ నడుపుతదా?"

"ఎందుకు నడపది? మిల్లుల అంత పెద్ద మిషిన్ నడుపుతాంది," అంది రజిత, కాగితం మీద పేరు దిద్దుతూనే.

ఆ రెండు నెలలు కెప్టెన్ కొమురమ్మ ఓడ ఎన్ని చుక్కలు దాటిందో చెప్పలేను. ఒకసారి మూడు రోజులు కూర్చుని నేనొక గొప్ప కథ రాసుకున్నాను, బంగారు గని ఉన్న గ్రహం, దానికి కాపలా యంత్రాలు, అన్నీ. రజిత ఆ గ్రహానికి పోనే లేదు. దారిలో నీళ్లు లేని చిన్న ఊరొకటి ఉందని నేను మాటవరసకు అన్నందుకు, ఓడ తిప్పి మంచు గ్రహం నుంచి ట్యాంకుల నిండా నీళ్లు తెచ్చి పోసింది. ధర్మసాగర్ చెరువు నీళ్ల కోసం పొద్దున్నే నల్లా దగ్గర బిందెలు వరుసపెట్టే పిల్లకు బంగారం ఎందుకు కనబడుతుంది? నాకు కోపమొచ్చింది, రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి నా కథ చించేసి, ఆ ఊరి మనుషుల పేర్లు రాసుకున్నాను. పుస్తకంలో అంచు తెగి రూలు తెలియనిచోట ఆ క్షణాన తోచింది చెప్పి, పొడుగు నోటుబుక్కులో రాసిపెట్టి, మళ్లీ మాట మార్చేదాన్ని కాదు. బాపమ్మ ప్రతి రేవులో సుంకం అధికారి అయింది. ఆమెను దాటి ఒక్క మూట దింపడానికి బావకు చెమటలు పట్టేవి.

బడి తెరవడానికి నాలుగు రోజుల ముందు రజిత ఆలస్యంగా వచ్చింది. కూర్చుంటూనే, రేపటి నుంచి అమ్మతో మిల్లుకు పోతున్నానని చెప్పింది. వాళ్ల నాయినకు నడుము పడిపోయింది, బడి బంద్. "ఆడుదాం," అంది తనే.

ఆ రోజు ఓడకు బయట పైపు పగిలి లోపలి గాలి పోతోంది. ఎవరో ఒకరు బయటికి పోయి మూత బిగించాలి. నేను పోతానంది రజిత. మూత ఎట్లాగూ బిగుస్తుంది, తిరిగి లోపలికి రావడానికి మాత్రం ఎనిమిది పడాలని చెప్పాను. పాచికలు వేసింది. మూడూ ఒకటీ. నా చేయి నా మాట వినలేదు, వాటి మీద పడింది.

"తొమ్మిది," అన్నాను.

"చెయ్యి తియ్యి."

"తొమ్మిదే పడ్డదే."

"నేను జూసిన. పొద్దున్నుంచి అందరు నన్ను జూసి అయ్యో అయ్యో అంటాండ్రు. నువ్వు గూడ గట్లనే జేస్తవా? గీడ పాచికెలన్న నిజం జెప్తయి గదా. తియ్యి!"

చేయి తీశాను. అంతవరకు ఎవరినీ వెక్కిరించకుండా మాట్లాడని సుధాకర్ బావ గొంతు సవరించుకుని, "కెప్టెన్ రేడియోల మాతోని ఆఖరికి ఏం జెప్పింది?" అని మెల్లగా అడిగాడు. "ఓడ ఆపద్దని జెప్పింది," అంది రజిత. తర్వాత కళ్లు తుడుచుకుని, నోటుబుక్కులోంచి కొత్త కాగితం చించి, పాచికలు చేతిలోకి తీసుకుంది.

మిల్లుకు సెలవు ఆదివారమే కాబట్టి ఆట ఆదివారానికి మారింది. మిల్లు పిల్లతో మీ పిల్లకేం పని అని మా మేనత్త అడిగితే, "ఆమె రాకుంటె నాకు పొద్దువోదు, నీకేమన్న తక్లీఫా?" అంది బాపమ్మ. రజిత మూడేళ్లు వచ్చింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టింది, లెక్కలు ఒకసారి తప్పి రెండోసారి పాసయింది. ఇప్పుడు మిల్లు ఆడవాళ్ల సంఘంలో ముందు నిలబడి మాట్లాడేది ఆమె. మొన్నామధ్య ఫోన్ చేస్తే, మేనేజర్‌తో పంచాయితీలో ఉన్నాను మళ్లీ చేస్తానని పెట్టేసింది.

బాపమ్మ లేదు. దుకాణం ఉన్నచోట నాలుగంతస్తుల మేడ లేచింది, కింద సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే పిల్లలు కూడా కనబడడం లేదు. ఎండాకాలం కూడా కోచింగులు, బస్సులు. చింతపండు పొట్లాల్లో గింజలు తీసే వస్తోంది. బావ ఎక్కడో ఇన్సూరెన్సు పని చేస్తున్నాడు, పెళ్లిళ్లలో కలిసినా ఆ ఎండాకాలం మాట ఎత్తడు. ఇప్పుడు ఆట నడిపేవాళ్లు తమ ముందు అట్టతెర ఒకటి నిలబెట్టుకుని, దాని వెనక పాచికలు వేసుకుంటారు. స్రవంతి కూడా ఒకటి కొనుక్కొచ్చింది. దాన్ని తీసి బీరువా మీద పెట్టించాను.

"రూల్స్ మర్సిపోతె మర్సిపో, తోచింది జెప్పి దాని మీద నిలబడు. నీ యాసలనే మాట్లాడు. వాళ్లు ఓడను యాడికి తిప్పితె ఆడికి పో. పాచికెలు మాత్రం అందరి ముంగట వెయ్యి," అన్నాను.

"మంచిగ ఆడుతాన్న మనిషి చచ్చిపోతె ఎట్లక్కా? పాపమనిపియ్యదా?"

"అనిపిస్తది. అనిపియ్యనియ్యి. చెయ్యి మాత్రం అడ్డం పెట్టకు."

ఇంగ్లిషు రాకుండా ఈ ఆట ఏమిటని నవ్వినవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఈ ఆదివారం మా బల్ల దగ్గరికి ఆరుగురు వస్తున్నారు, అందులో ఇద్దరు ఎప్పుడూ ఆడనివాళ్లు. నడిపేది స్రవంతి. నడుమల సలహాలు చెబితే ఓడలోంచి దింపేస్తానని నన్ను ముందే బెదిరించింది.