మోట మీద నేర్చిన ఉపన్యాసం

సభలో పరువు పోగొట్టుకోవడానికి ఎవరికైనా నోరొక్కటే చాలు. నాకు కాళ్లూ, నడుమూ కూడా సాయం పట్టాయి. ఆ ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి, ఆ రోజు ఎవరూ ఆపుకోలేదు.

నిజాం ఏలుబడి రోజులవి. నేను అప్పుడే మెట్రిక్ గట్టెక్కాను. వనపర్తి పఠనాలయంలో ఒక వకీలు సాబ్ సెలవుల్లో తరగతులు పెట్టాడు. మనిషి తనను తాను ఎట్లా దిద్దుకోవాలి, నలుగురిలో ఎట్లా మెలగాలి, నలుగురి ముందు ఎట్లా మాట్లాడాలి, ఇవీ పాఠాలు. చివరి రోజు ఉపన్యాసాల పోటీ. గెలిచినవాణ్ణి పాన్‌గల్ పటేలు పట్నం కాలేజీలో చేర్పించి చదివిస్తాడట.

ఘణపూర్ దగ్గర మా ఊళ్లో మా నాయన ఆ మాట విని తేల్చేశాడు.

"గెలిస్తే పట్నం పో. ఓడితే మోట కాడికి రా. గాలి తిరుగుడు మాత్రం బందు."

వకీలు సాబ్ నాకు రెండు సూత్రాలు చెప్పాడు. "దినాం ఎవల కండ్లల్లనన్న చూసుకుంట గట్టిగ మాట్లాడు. ఇంకోటి, సభల మిన్ను ఇరిగి మీద పడ్డా నడుమల ఆపకు."

ఎవరి కళ్లలో చూడాలి? అమ్మ చీపురు చూపించింది. దోస్తులు నన్ను చూస్తే దారి మార్చారు. మిగిలినవి మా మోట ఎడ్లు, మైలోడు, నల్లోడు. దున్నపోతు మీద వాన అంటారు గాని, మా ఎడ్లు అట్లాంటివి కావు. చెవులు నిక్కించి మరీ వినేవి.

మోట సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. ఎడ్లు వాలులో కిందికి నడుస్తూ మోకు లాగితే తోలు బొక్కెన బావిలోంచి పైకొస్తుంది. బరువు కోసం మనం ఆ మోకు మీద కూర్చోవాలి. కిందికి పోయాక దిగి, ఎడ్లను వెనక్కి నడిపిస్తూ మళ్లీ బావి దగ్గరికి రావాలి. నేనేం చేశానంటే, మోకు మీద కూర్చోగానే వాక్యం ఎత్తుకునేవాణ్ణి, దిగేసరికి ముగించేవాణ్ణి. వెనక్కి నడిచేటప్పుడు మౌనం. నెల రోజులు అదే పని. మడి తడిసింది, ఉపన్యాసం నోటికొచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పోటీ రోజు వచ్చింది. నా ముందు మాట్లాడినవాళ్లంతా రాట పాతినట్టు నిలబడి మాట్లాడారు. వేదిక మీద వెనక కుర్చీలో పటేలు, భుజాన జరీ కండువా. జనంలో మా నాయన. నా అంశం 'నిలకడ'. అవునండీ, నిలకడే.

నిలబడ్డాను. మాట రాలేదు. ఒక అడుగు ముందుకేశాను.

"సభకు నమస్కారం," అని వచ్చింది.

ఇంకేం, గుట్టు తెలిసిపోయింది, కాలు కదిలితేనే నా నోరు కదులుతుంది. "మనిషికి కావలసింది నిలకడ" అంటూ వేదిక అంచుదాకా నడిచాను. వాక్యం అయిపోయింది. నోరు మూసుకుని వెనక్కి వెనక్కి నడిచాను. మళ్లీ ముందుకు. జనం ముసిముసిగా నవ్వుతున్నారు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతి ఉంది, కాళ్లే నా మాట వినడం లేదు. నాలుగోసారి వెనక్కి వచ్చి, అలవాటు చొప్పున కూర్చున్నాను.

మెత్తగా తగిలింది. పటేలు ఒడి.

"అరే, ఏంది పిలగా గిది?" అన్నాడాయన.

మిన్ను విరిగినా ఆపొద్దు కదా. ఆయన కండువా కొసలు రెండూ పగ్గాల్లా పట్టుకుని, నాలుక టక్కుమనిపించి, "పా మైలోడా" అని అదిలించి, తర్వాతి వాక్యం ఎత్తుకున్నాను. మిగతా ఉపన్యాసం ఒక్క అక్షరం తప్పకుండా ఆ ఒడిలోనే పూర్తి చేసి, "సెలవు" అన్నాక గానీ లేవలేదు. జనం కడుపులు పట్టుకున్నారు. నాకు మాత్రం చచ్చిపోవాలనిపించింది. కింద నాయన తలగుడ్డ విప్పి మొహం కప్పుకున్నాడు. నా పట్నం బావిలో మునిగిందనుకున్నాను.

పటేలు కండువా సర్దుకుని అడిగాడు. "దినాం ఎన్ని గంటలు కొడ్తవ్ మోట?"

"పొద్దు పొడిసినకాంచి అంబలి యాళ్లదాక, పటేలా."

"నేను గూడ కొట్టిన, చిన్నప్పుడు." వకీలు సాబ్ వైపు తిరిగాడు. "నిలవడి మాట్లాడెటోళ్లు శానమంది ఉన్నరు. నా ఒళ్లె కూసొని గూడ మాట మరువనోడు వీడొక్కడే. వీణ్నే పంపిస్త."

అట్లా పట్నం చేరాను. పది రోజులకు నాయన పట్వారీతో రాయించిన ఉత్తరం వచ్చింది.

"బిడ్డా, మేమంత మంచిగున్నం. ఎడ్లే పరేషాన్ చేస్తున్నయి. 'సభకు నమస్కారం' అనకుంటె అడుగు ఏస్తలేవు. నాకు గంతవరకే వస్తది. ఒక్క మోటకే అయిపోతది. తక్కిన ఉపన్యాసం జల్ది రాసి పంపు."

రాసి పంపాను. ఆ కాగితం పోస్టు డబ్బాలో వేస్తూ, పటేలు జరీ కండువా సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. సభలో వెనక ఏముందో తడిమి చూడకుండా ఈ జన్మలో కూర్చోను. ఎడ్లకు నిలకడ గురించి అసలే బోధించను.