ప్రమీల మేడమ్ ఇచ్చిన హాజరు

మొన్న అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వరుసలో నిలబడితే, ముందున్నాయన చేతులకు శానిటైజర్ రాసుకున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా చేయి మాస్కు సర్దుకోవడానికి గడ్డం దగ్గరికి వెళ్లింది. మాస్కు లేదు. నాలో నేనే నవ్వుకున్నాను. ఆ వాసన వెంటే ప్రమీల మేడమ్ గుర్తొచ్చారు. నాంపల్లిలోని మా పీజీ కాలేజీలో ఆవిడ కెమిస్ట్రీ విభాగాధిపతి. నేను అప్పటికి చేరి ఏడాది కూడా నిండని లెక్చరర్ని.

కరోనా లాక్‌డౌన్ తర్వాత కాలేజీ తెరిచేసరికి ఫైనలియర్ పిల్లల ప్రాక్టికల్స్ మిగిలిపోయాయి. పాఠమైతే ఫోనులో చెప్పొచ్చు, బ్యూరెట్ గొట్టంలోంచి చుక్క చుక్కగా ద్రావణం వదిలి కొలిచే టైట్రేషన్ ఫోనులో ఎలా చేయిస్తాం? మళ్లీ మూతపడితే పిల్లలకు ఏడాది గల్లంతే. మేడమ్ వాళ్లను ఎనిమిదేసి మందిగా విడగొట్టారు. ఏళ్ల తరబడి రంగులు పూసి బిగుసుకుపోయిన ల్యాబు కిటికీలు తెరుచుకోకపోతే, వడ్రంగిని పిలిపించి రెక్కలే ఊడదీయించారు. జల్లు పడి రికార్డులు తడిశాయని నేను గొణిగితే, "మళ్లా రాసుకుంటరు సార్, జర ఓపిక పట్టుండ్రి" అన్నారు.

ఓపిక నాకెక్కడిది? రెండు రోజులు సగం మందే వచ్చేసరికి ఒళ్లు మండింది. ఒక్క ప్రాక్టికల్ ఎగ్గొట్టినా ఇంటర్నల్ మార్కులు వేయనని వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. మేడమ్‌ను అడగలేదు. హిమాయత్‌నగర్‌లో మా ఇంట్లో ఏదో ఘనకార్యంలా చెప్పుకున్నాను కూడా. మర్నాటి నుంచి ల్యాబు నిండుగా ఉంది. ఆ వారంలోనే సంధ్య అనే విద్యార్థిని బ్యూరెట్ ముందు కళ్లు తిరిగి పడబోయింది. మా అటెండరు రాజయ్య పట్టుకున్నాడు. ఆయన షుగరు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నాడు. పరీక్ష చేయిస్తే సంధ్యకు కరోనా. మార్కులు పోతాయన్న భయంతో ఆ అమ్మాయి బస్సు దిగగానే జ్వరం మాత్ర వేసుకుని, అది పనిచేసేదాకా బయటే కూర్చుని, ఒళ్లు చల్లబడ్డాక గేటు దగ్గర ఒంటివేడి చూపించుకుని లోపలికి వచ్చింది.

మేడమ్ గదిలో నేను సంధ్యను తిట్టడం మొదలుపెట్టాను. ఆవిడ గొంతు పెంచలేదు. నా మెసేజ్ ఉన్న ఫోను తీసి నా ముందు పెట్టారు.

"జ్వరం దాచింది ఆ పిల్ల గాదు సార్, మీరు దాపిచ్చిన్రు. గిట్ల బెదిరిస్తే నిజం ఎవరు చెప్తరు?"

నా ముందే ఆవిడ గ్రూపులో కొత్త మాట రాశారు. జ్వరమని ఫోను చేసి ఇంట్లో ఉన్నవాళ్లకు హాజరు పడుతుంది, ప్రాక్టికల్ తర్వాత విడిగా చేయిస్తాం అని. ఊరికే అబద్ధం చెప్పి ఎగ్గొడతారు మేడమ్ అన్నాను.

"చెప్పనియ్యుండ్రి. దొంగ జ్వరం ఎవరికన్న అంటుకుంటదా?"

ఆ బ్యాచ్ పిల్లలంతా, రాజయ్య కూడా ఇళ్లలో ఉండిపోయారు. నేను రోజూ పొద్దునా సాయంత్రం రాజయ్యకు ఫోను చేసేవాణ్ణి. బాగానే ఉన్నానని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నమ్మబుద్ధయ్యేది కాదు. ఆ మనిషికేమైనా అయితే కారణం నేనే. అయిదో రోజు పరీక్షలో ఆయనకు లేదని తేలింది. మిగతా ఏడుగురికీ లేదు. మేడమ్ ఫోనులో ఆ మాట చెప్పగానే నేను మెట్ల మీద కూలబడి ఏడ్చేశాను. ఆవిడ ఫోను పెట్టేయకుండా అట్లాగే ఆగారు. డాక్టర్లు ఏమంటారో గానీ, మమ్మల్ని కాపాడింది ఆ రెక్కల్లేని కిటికీలేనని నా నమ్మకం. సంధ్య కోలుకుని వచ్చాక తన ప్రాక్టికల్స్ అన్నీ నేనే దగ్గరుండి చేయించాను. ఆ సంవత్సరం ఒక్కరికి కూడా డిగ్రీ ఆగలేదు.

మేడమ్ రిటైరై ఖైరతాబాద్‌లో ఉంటున్నారు. ల్యాబు ఇప్పుడు నా చేతిలో ఉంది. నిన్న పొద్దున ఒక అమ్మాయి ఫోను చేసి, ఒళ్లు వెచ్చగా ఉంది సార్, రాలేను అంది. వెనకాల పెళ్లి బాజాలు వినబడుతున్నాయి. విశ్రాంతి తీసుకోమ్మా అని చెప్పి హాజరు వేశాను.