ఎల్లెన్ ఇంటి సోదా

ఇంగ్లిషు నూలుమిల్లుల ఊరు బర్న్‌లీలో ఎల్లెన్ థ్రెల్‌ఫాల్ ఒక్కతే నాలుగు మగ్గాలు నడిపిన నేతగత్తె. పదమూడో ఏట మిల్లులో అడుగుపెట్టింది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె కంతకు నోరు పెట్టి దారం పీల్చీ పీల్చీ నలభై నిండకుండానే ముందు పళ్లు ఊడిపోయాయి. పందొమ్మిది వందల ముప్పై ఒకటిలో మిల్లు మూతపడింది. దూదిదుమ్ముకు ఊపిరితిత్తులు చెడి భర్త సెత్ అప్పటికే మంచంలో ఉన్నాడు. వారం వారం వరుసలో నిలబడి తెచ్చుకునే నిరుద్యోగ భృతే ఆ ఇంటికి దిక్కు.

ఆ చలికాలం కొత్త నిబంధన వచ్చింది. భృతి అడిగినవాళ్ల ఇల్లు సోదా చేస్తారట. ఇంట్లో ఎవరికి ఏ కాస్త సంపాదన ఉన్నా భృతి కోసేస్తారట.

సోదాకు వచ్చినవాడు టోపీ తీయలేదు. బురదకాళ్లతో నేరుగా పొయ్యి దగ్గరికి నడిచి గిన్నె మూత ఎత్తాడు.

"మాంసమా?"

"బొమికలు. కుక్కకని చెప్పి అడుక్కొచ్చా."

"కుక్క ఉందా మీకు?"

"ఎక్కడిది? మేమే."

వాడు నవ్వలేదు. మేడ మీదికెక్కి, ఇంకెవరినైనా అద్దెకు పెట్టుకున్నారేమోనని సెత్ మీది దుప్పటి లాగి చూశాడు. సెత్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎల్లెన్ వెళ్లి దుప్పటి మళ్లీ కప్పింది.

"ఇంట్లో బట్టలుతికి సంపాదిస్తున్నావట. ఉత్తరం వచ్చింది," అంటూ వాడు కాగితం విప్పాడు.

కింద పేరు లేదు. పేరెందుకు? ఆ చేతిరాత పక్కింటి మార్తాది. ఎదురింటి బాలింత గుడ్డలు ఎల్లెన్ ఊరికే ఉతికిపెట్టడం చూసింది ఆమె ఒక్కతే.

వాడు వెళ్లగానే ఎల్లెన్ పక్కింటి తలుపు తోసింది. "ఇంత నీచానికి దిగావేమే మార్తా?"

"దిగానక్కా. మా పిల్ల సంపాదన చూపించి మా భృతి కోసేశారు. అది ఇల్లొదిలి పోయింది. మీకు మాత్రం ఎందుకు రావాలి?"

గదిలో బల్ల లేదు, కుర్చీలు లేవు. మార్తా కూర్చున్నది సబ్బుపెట్టె మీద. తిట్టాలని వచ్చిన ఎల్లెన్‌కు ఇక తిట్టాలనిపించలేదు. జాలి పడదామన్నా మనసు రాలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

మరుసటి వారం భృతి తేల్చే కమిటీ ముందు నిలబడింది. కుర్చీ చూపించిన నాథుడు లేడు. అధ్యక్షుడు ఊళ్లో పేరున్న బొగ్గు వర్తకుడు.

"ఉత్తరం సంగతి పక్కన పెడదాం," అన్నాడు తీయగా. "మీ వీధిలో దొంగచాటుగా సంపాదించేవాళ్లు ఇంకా ఉంటారు కదమ్మా. ఒకటి రెండు పేర్లు చెప్పు, నీ విషయం మేం చూసుకుంటాం."

మార్తా భర్త శనివారాలు సంతలో బుట్టలు మోస్తాడని ఎల్లెన్‌కు తెలుసు. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అది అక్కడిదాకా వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఒకళ్ల పెంట ఒకళ్లచేత తినిపిస్తున్నారయ్యా మీరు," అంది. "నాకొద్దు మీ భృతి."

భృతి ఆగిపోయింది. ఆమె తెల్లవారుజామునే లేచి ఆఫీసుల మెట్లు కడగడానికి కుదిరింది. రెండేళ్లకు సెత్ పోయాడు. మార్తా ఒక గిన్నెడు జావ తెచ్చి గుమ్మంలో నిలబడింది. ఎల్లెన్ గిన్నె అందుకుంది గానీ లోపలికి రమ్మనలేదు.

మిల్లు మళ్లీ తెరిచినప్పుడు నాలుగింటికిచ్చిన పాత కూలికే ఆరు మగ్గాలు అప్పగించారు. ఎల్లెన్ వెళ్లి ఆ ఆరింటి మధ్య నిలబడింది.